తలక్రిందులైన చలి: ధ్రువ ప్రాంతములలో ఉష్ణోగ్రతా విలోమము

ఎత్తునకు పోయిన కొలది చలి పెరుగునని మన మందఱము ఎఱిగినదే. మేట్టుపాళయములో కొండరైలు నెక్కి ఉదకమండలమునకు పోవువారు, దిగువ మడిచి పెట్టుకొన్న శాలువను మార్గమధ్యముననే విప్పి కప్పుకొందురు. మేట్టుపాళయము సముద్రమట్టమునకు సుమారు 330 మీటర్ల ఎత్తున నున్నది. ఉదకమండలము సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. వాతావరణపు అడుగు భాగమున, సగటు లెక్కను, కిలోమీటరు ఎత్తునకు 6.5 డిగ్రీల సెంటిగ్రేడు చొప్పున ఉష్ణోగ్రత తగ్గును. ఈ లెక్క ప్రకారము ఆ రెండు ఊళ్లకు నడుమ సుమారు 12 డిగ్రీల భేద ముండవలెను. స్థూలముగా చూచిన అట్లే యుండును.

ఇది సాధారణ సూత్రము. కాని భూగోళము యొక్క రెండు కొనలయందు, ముఖ్యముగా శీతకాలమున, ఈ సూత్రము తలక్రిందగుచున్నది. అచ్చట నేల నంటియున్న గాలియే మిక్కిలి చల్లన. అందుండి కొన్ని వందల మీటర్లు పైకి పోయినచో గాలి 20 డిగ్రీల వఱకు వెచ్చగా నుండును. ఎత్తుతోపాటు ఉష్ణోగ్రత తగ్గుటకు మాఱుగా పెరుగుటనే శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతా విలోమ మందురు. విలోమ మనగా వెనుకకు తిరిగినది, ఎదురు వరుసలో నున్నది యని యర్థము.

ఇది కేవల మొక వింత కాదు. ధ్రువములనుండి వీచు భీకరమైన గాలులకును, సూర్యుడు రాకముందే కానవచ్చుటకును, లక్షల యేండ్ల నాటి మంచు చెప్పు చరిత్రకును, నేడు ధ్రువములందలి మంచు కరగుచున్న వేగమునకును ఈ విలోమముతో సంబంధము కలదు. కావున దీనిని క్రమముగా తెలిసికొందము.

విలోమ మెట్లు పుట్టును?

సూర్యకిరణములు గాలిని నేరుగా వేడిచేయుట తక్కువ. అవి చాలవఱకు గాలిలోనుండి దాటివచ్చి నేలను వేడిచేయును. వేడెక్కిన నేల తన నంటియున్న గాలిని వేడిచేయును. అనగా మన వాతావరణమునకు పొయ్యి క్రింద నున్నది. పొయ్యికి దగ్గఱనున్న గాలి వెచ్చగాను, దూరమున నున్నది చల్లగాను ఉండుట సహజమే కదా! పైగా వెచ్చని గాలి తేలికయై పైకి లేచుచు, లేచిన కొలది వ్యాకోచించి చల్లబడుచుండును.

రాత్రియందు సూర్యుడు లేడు. అయినను నేల తన వేడిమిని కంటికి కానరాని పరారుణ కిరణముల రూపమున ఆకాశమునకు వెదజల్లుచునే యుండును. దీనిని వికిరణ మందురు. వచ్చుబడి లేక వ్యయము మాత్రము జరుగుచున్నందున నేల త్వరగా చల్లబడును. గాలి అంత త్వరగా వేడిని వెదజల్లలేదు. కావున నేలకు తగిలియున్న గాలి మొదట చల్లబడును. పైగాలి సాయంకాలపు వెచ్చదనమును ఇంకను నిలుపుకొనియుండును. ఇదియే విలోమము.

పుష్యమాసపు వేకువను పల్లెటూళ్లలో దీనిని మనము కన్నులార చూడవచ్చును. పొయ్యిలనుండి లేచిన పొగ ఇంటికప్పులు దాటి కొంత దూరము పోయి, అచ్చట నెవరో పందిరి వేసినట్లు అడ్డముగా పరచుకొని నిలిచిపోవును. నీలగిరులలో పల్లపు భూములందే పొగమంచు గడ్డకట్టి గడ్డి తెల్లబారుటకును, పై వాలులందు అట్లు జరుగకుండుటకును కారణ మిదియే. కాని మన దేశమున ఈ విలోమమునకు ఆయుర్దాయము తక్కువ. తెల్లవారి రెండు మూడు గడియల ఎండ కాయగానే నేల వేడెక్కి, గాలి కలియబడి, పొగపందిరి చెదరిపోవును.

ఇప్పుడు విద్యార్థు లొక ప్రశ్న వేసికొనవలెను. రాత్రి పండ్రెండు గంటలు గాక ఆఱు నెలలుండినచో నేమగును? ధ్రువముల కథ ఆ ప్రశ్నకు సమాధానమే.

ధ్రువములందు దీనికింత బల మేల?

మొదటి కారణము దీర్ఘరాత్రి. దక్షిణ ధ్రువమున మార్చి నెల మూడవ వారమున అస్తమించిన సూర్యుడు మరల సెప్టెంబరు నెల మూడవ నాలుగవ వారముల నడుమగాని ఉదయింపడు. విలోమమును చెదరగొట్టు ఎండ నెలల తరబడి లేదు.

రెండవ కారణము మంచు యొక్క స్వభావము. క్రొత్తగా కురిసిన మంచు తనపై పడిన ఎండలో నూటికి 80 నుండి 90 పాళ్లు తిరుగగొట్టును. కావున ఎండకాలమున సైతము దానికి లాభము స్వల్పము. కాని పరారుణ కిరణములను వెదజల్లుటయందు మాత్రము మంచు నల్లని వస్తువునకు తీసిపోదు. కంటికి తెల్లనిదైన మంచు వేడిమి వ్యయమునందు నల్లనిదే!

మూడవ కారణము మంచులో వేడి ప్రవహింపలేకుండుట. మంచు రేణువుల నడుమ గాలి చిక్కుకొని యుండును. దూది బొంతవలె అది వేడిని సాగనీయదు. అడుగు పొరలలో మిగిలియున్న వెచ్చదనము పై పొరకు త్వరగా చేరి దానిని ఆదుకొనలేదు.

నాల్గవ కారణము గాలి యొక్క పొడితనము. నీటియావిరి నేల వెదజల్లిన వేడిలో కొంత పట్టుకొని తిరిగి నేలకు పంపును. మబ్బుపట్టిన రాత్రి ఉక్కగా నుండుట మన మెఱుగుదుము. మిక్కిలి చల్లని గాలిలో నీటియావిరి ఇమడజాలదు. అందువలన ధ్రువములందు నేలకు కప్పుకొనుటకు దుప్పటి లేనట్లే.

ఐదవ కారణము దూరమునుండి వచ్చు వెచ్చని గాలి. సమశీతోష్ణ మండలముల నుండి గాలులు ధ్రువముల వైపునకు వేడిని మోసికొని వచ్చుచుండును. ఈ గాలి నేలనున్న బరువైన చల్లగాలిని త్రోసివేయలేక దానిపై నెక్కి ప్రవహించును. ఆ విధముగా పైభాగమునకు వెచ్చదనము అందుచుండును. క్రిందిభాగము దానిని పోగొట్టుకొనుచుండును.

ఇచ్చట చిన్న లెక్క యొకటి చేయుదము. సున్నకు దిగువ 60 డిగ్రీలనగా కెల్విన్ మానములో 213 డిగ్రీలు. స్టీఫన్–బోల్ట్‌జ్మన్ సూత్రము ననుసరించి అట్టి మంచు చదరపు మీటరునకు సుమారు 117 వాట్ల శక్తిని వెదజల్లుచుండును. మన యూరిలో 27 డిగ్రీల వేడి గల నేల సుమారు 459 వాట్లు వెదజల్లును. అనగా ఘోరమైన చలిలో గడ్డకట్టియున్న మంచు సైతము మన నేల వెదజల్లుదానిలో నాల్గవవంతు వెదజల్లుచునే యున్నది. సూర్యునినుండి దానికి వచ్చునది శూన్యము. పైగాలి తిరిగి పంపునది చాలదు. ఇక చల్లబడక యేమి చేయును?

దక్షిణ ధ్రువము నందలి కొలతలు

దక్షిణ ధ్రువము సుమారు 2,835 మీటర్ల ఎత్తున మంచు పీఠభూమిపై నున్నది. అచ్చట అమెరికావారు నెలకొల్పిన అముండ్‌సెన్–స్కాట్ కేంద్రమున 1957వ సంవత్సరమునుండి ఎడతెగక ఉష్ణోగ్రతను కొలుచుచున్నారు. అచ్చటి శీతకాలపు సగటు సున్నకు దిగువ సుమారు 60 డిగ్రీలు. నేలనుండి కొన్ని వందల మీటర్ల పైన గాలి అంతకంటె సుమారు 20 డిగ్రీలు వెచ్చగా నుండును. ఈ భేదములో ఎక్కువ భాగము నేలకు సమీపముననున్న కొద్దిపాటి ఎత్తులోనే ఇమిడియుండుట విశేషము.

తూర్పు అంటార్కిటికా పీఠభూమిపై 3,488 మీటర్ల ఎత్తున రష్యావారి వోస్తోక్ కేంద్రము కలదు. అచ్చట 1983 జూలై 21వ తేదీన ఉష్ణోగ్రత సున్నకు దిగువ 89.2 డిగ్రీలకు పడిపోయెను. భూమిపై ఉష్ణమాపకముతో కొలిచిన గాలి ఉష్ణోగ్రతలలో ఇదియే అతిస్వల్పము. అటుపిమ్మట కృత్రిమోపగ్రహములు ఆ పీఠభూమిలోని చిన్న పల్లములందు మంచు ఉపరితలము సున్నకు దిగువ సుమారు 98 డిగ్రీల వఱకు చల్లబడుటను కనుగొన్నవి. ఈ విషయము 2018లో ప్రకటింపబడినది. ఆ పల్లములలో మనుష్యుని ఎత్తున నున్న గాలి మంచు ఉపరితలముకంటె కొన్ని డిగ్రీలు వెచ్చగా నుండునని అంచనా. అనగా అచ్చట నిలుచున్నవాని పాదములు ఒక శీతోష్ణమునందును, తల మఱియొక శీతోష్ణమునందును ఉండునన్నమాట!

మఱియొక వింత గలదు. మన దేశమున చలి మార్గశిరమున మొదలై, పుష్యమున ముదిరి, మాఘమున తగ్గును. నడుమ ఒక శిఖర మున్నది. అంటార్కిటికా పీఠభూమిపై అట్టి శిఖరము లేదు. సూర్యుడు అస్తమింపగనే ఉష్ణోగ్రత వేగముగా పడిపోయి, పిదప సూర్యోదయము వఱకు ఇంచుమించు ఒకే మట్టమున నిలిచియుండును. విలోమము బలపడిన కొలది నేల వెదజల్లు వేడి తగ్గును. పైనున్న వెచ్చని గాలి పంపెడి వేడియు, గాలి కలయికవలన దిగివచ్చు కొద్దిపాటి వేడియు, మంచు అడుగునుండి వచ్చు వేడియు కలిసి ఆ వ్యయమునకు సరిపోవును. జమాఖర్చులు సమానమైన పిదప చలి ఇక పెద్దగా పెరుగదు.

సింప్సన్ ఎగురవేసిన బుడగలు

ఈ సంగతి మానవుడు తెలిసికొన్న విధము గూడ తెలిసికొనదగినది. 1910లో కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువయాత్రకు బయలుదేరినపుడు ఆయన వెంట జార్జి సింప్సన్ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు వెళ్లెను. ఈయన అప్పటికి భారతదేశపు వాతావరణ శాఖలో, సిమ్లాలో, ఉద్యోగి. కేప్ ఇవాన్స్ అను చోట నిర్మించుకొన్న కొయ్య యింటినుండి ఆయన ఉదజని నింపిన బుడగలను ఎగురవేసెను. ఒక్కొక్క బుడగకు ఉష్ణోగ్రతను, గాలి పీడనమును గీతలుగా వ్రాయు చిన్న పరికరము కట్టబడియుండెను. మెల్లగా కాలెడి వత్తి యొకటి కొంతసేపటికి పరికరమును బుడగనుండి విడిపించును. పరికరము క్రింద పడును. సన్నని పట్టుదారము ఒకటి దాని వెంట పఱచుకొని యుండును. చీకటిలో, మంచుపై, ఆ దారమును పట్టుకొని నడచిపోయి పరికరమును వెదకి తేవలెను.

ఆ పరికరములు వ్రాసిన గీతలలో శీతకాలపు విలోమము స్పష్టముగా కనబడెను. అంతకుముందు యాత్రికులను కలవరపెట్టిన ఒక చిక్కు దీనితో విడిపోయెను. మన అనుభవమున చలిగాలి వీచినచో చలి హెచ్చును. ధ్రువమున అట్లుగాక, మంచు తుపాను వీచిన వెంటనే ఉష్ణమాపకము పైకెక్కును. గాలి నిలిచి ఆకాశము నిర్మలమైనచో చలి ప్రాణాంతకమగును. ఏలయన, తుపానుగాలి పైనున్న వెచ్చని గాలిని క్రిందకు దించి అడుగు గాలితో కలిపివేయును. సింప్సన్ ఈ విషయమును చక్కగా వివరించెను. స్కాట్‌యు, ఆయన అనుచరులును 1912 మార్చిలో రాస్ మంచు పలకపై తిరుగు ప్రయాణమున మరణించిరి. అప్పటి చలి ఎదురుచూచినదానికంటె మిక్కిలి తీవ్రముగా నుండెను. నేలనంటిన గాలి ఎంత లోతుగా చల్లబడగలదో తెలియుట అట్టి ప్రాంతములందు చావుబ్రదుకుల సమస్య యని దీనివలన గ్రహింపవచ్చును.

ఇంకొక సంగతి. పాదరసము సున్నకు దిగువ సుమారు 39 డిగ్రీలయొద్ద గడ్డకట్టును. అందుచేత అట్టి చోట్ల మన పాఠశాలలోని పాదరసపు ఉష్ణమాపకము పనికిరాదు. ఆల్కహాలు నింపిన వానిని, లేక విద్యుత్పరికరములను వాడుదురు.

గాలికి మూత పడుట

విలోమ మేర్పడిన చోట గాలి పైకి లేవలేదు. దీనికి కారణము సులభము. ఒకే పీడనమునందు చల్లని గాలి వెచ్చని గాలికంటె బరువు. సున్నకు దిగువ 60 డిగ్రీల గాలి, సున్నకు దిగువ 40 డిగ్రీల గాలికంటె నూటికి సుమారు 9 పాళ్లు బరువు. క్రింది గాలిని బలవంతముగా కొంత పైకెత్తితి మనుకొందము. అది వ్యాకోచించి వంద మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున ఇంకను చల్లబడును. చుట్టునున్న గాలియో వెచ్చనిది, తేలికైనది. కావున ఎత్తిన గాలి రాయివలె మరల క్రిందికే దిగును. ఇట్లు విలోమము గాలికి మూతవలె పనిచేయును.

మూత క్రింద నివసించు మనుష్యుల కిది కష్టము. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ నగరము మూడు వైపుల కొండలు గల లోయలో నున్నది. శీతకాలమున అచ్చట బలమైన విలోమ మేర్పడును. ఇండ్లను వెచ్చజేయుటకు కాల్చిన కట్టెల పొగ, నూనె పొగ, బండ్ల పొగ అన్నియు మూత క్రిందనే చిక్కుకొనును. చలి మిక్కిలి ముదిరినపుడు పొగలలోని నీటియావిరి సైతము మంచు రేణువులై వీధులను మూసివేయును. ప్రక్కనున్న గుట్టలమీద నివసించువారు నగరములోని వారికంటె వెచ్చగా, తేటగాలిలో నుందురు. ఆ ప్రాంతపు గాలి సన్నని ధూళి విషయమున ఆరోగ్య ప్రమాణములకు లోబడి లేదని అమెరికా ప్రభుత్వము 2009లో నిర్ణయించినది. 2022 జనవరి, ఫిబ్రవరి నెలలలో శాస్త్రజ్ఞులు అచ్చటికి చేరి ఈ కాలుష్యమును వివరముగా పరిశోధించిరి. చలిని తప్పించుకొనుటకు వేసిన మంటయే ఊపిరికి కీడగుట ఆ ఊరివారి చిక్కు.

సైబీరియాలోని వెర్ఖోయాన్స్‌క్, ఓయ్మ్యకోన్ అను ఊళ్లు గూడ ఇట్టి లోయలలోనివే. మొదటిదానిలో 1892లోను, రెండవదానిలో 1933లోను సున్నకు దిగువ 67 డిగ్రీలు దాటిన చలి కొలువబడినది. అచ్చటి కొండవాలులకంటె లోయలే చల్లన.

జారెడి గాలులు

బరువైన చల్లగాలి సమతలమున నున్నచో అట్లే నిలిచియుండును. కాని అంటార్కిటికా నడుమ ఎత్తై, అంచులకు పల్లమగు గుమ్మటమువంటిది. నీరు వాలునకు పాఱినట్లే ఈ చల్లగాలియు వాలు వెంట జారి సముద్రము వైపునకు పాఱును. లోయలలో చేరి ఇఱుకైనపుడు దాని వేగము మిక్కిలి హెచ్చును.

ఆస్ట్రేలియాకు చెందిన డగ్లస్ మాసన్ 1912లో కేప్ డెనిసన్ అను తీరమున విడిది చేసెను. అది అట్టి గాలులు దిగివచ్చు ద్వారమని తెలియక అచ్చట ఇల్లు కట్టుకొనిరి. ఏడాది పొడుగున గాలివేగపు సగటే గంటకు 70 కిలోమీటర్లకు పైబడెను. ఒక దినపు తుపాను మాట కాదు, సంవత్సరపు సగటు మాట! అచ్చటి మనుష్యులు గాలిపై వాలి నడచుట నేర్చుకొనిరి. మాసన్ తన గ్రంథమునకు ‘మంచు తుపానుల నిలయము’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను.

మన దేశము అంటార్కిటికాలో 1989లో మైత్రి కేంద్రమును, 2012లో భారతి కేంద్రమును ప్రారంభించినది. మైత్రి షిర్మాకర్ అను రాతి నేలపై నున్నది. దక్షిణమున ఎత్తైన మంచుగుమ్మటము నుండి దిగివచ్చు జారుడు గాలులు అచ్చటి వారికి నిత్యానుభవము. మన వాతావరణ శాఖవారు అచ్చట పరిశీలనములు చేయుచున్నారు. సింప్సన్ విడిచివెళ్లిన శాఖయే నేడు ఆ ఖండమున స్వయముగా కొలతలు తీయుచున్నదన్నమాట.

వెలుతురును ధ్వనియు వంగుట

విలోమము కన్నును చెవిని గూడ మోసపుచ్చును. 1596లో విలియం బారెంట్స్ నాయకత్వమున బయలుదేరిన డచ్చి నావికులు నోవాయా జెమ్ల్యా ద్వీపమున మంచులో చిక్కుకొని శీతకాలమంతయు గడపిరి. నవంబరు ఆరంభమున సూర్యుడు అదృశ్యుడయ్యెను. లెక్క ప్రకారము ఫిబ్రవరి రెండవ వారమునకుగాని అతడు మరల కానరాకూడదు. కాని 1597 జనవరి 24వ తేదీన గెరిట్ డె వీర్ అను నావికుడును అతని సహచరులును సూర్యబింబపు అంచును చూచిరి. రెండు వారములు ముందుగా! వారు స్వదేశము చేరి ఈ మాట చెప్పగా పండితులు నమ్మరైరి. దినముల లెక్క తప్పియుందురని కొందఱు పలికిరి.

నిజమునకు తప్పు నావికులది కాదు. చల్లని గాలి సాంద్రమైనది, వెచ్చని గాలి పలుచనిది. కాంతికిరణము పలుచని పొరనుండి సాంద్రమైన పొర వైపునకు వంగును. దీనినే వక్రీభవన మందురు. బలమైన విలోమమున కిరణము వంగి వంగి భూమి యొక్క వంపును అనుసరించి వందలకొలది మైళ్లు ప్రయాణము చేయగలదు. అందుచేత దిగంతమునకు దిగువనున్న సూర్యుడు కన్నులకు కట్టెను. మన ఎండకాలపు ఎండమావిలో నేల వేడెక్కి, ఆకాశము క్రింద నీరువలె కనబడును. ధ్రువమున నేల చల్లబడి, క్రిందనున్న వస్తువు పైన కనబడును. రెండును ఒకే నియమమునకు లోబడినవి. వరుస మాత్రము తలక్రిందులు.

ధ్వని విషయము ఇట్టిదే. సున్నకు దిగువ 60 డిగ్రీల గాలిలో ధ్వని సెకండునకు సుమారు 292 మీటర్లు పోవును. సున్నకు దిగువ 40 డిగ్రీల గాలిలో సుమారు 306 మీటర్లు. పైన వేగము హెచ్చు, క్రింద తక్కువ. కావున పైకి పోవు ధ్వని తరంగము వంగి మరల నేలకే దిగును. ఎడ్వర్డు ప్యారీ యొక్క మూడవ యాత్రలో, 1824–25 శీతకాలమున, పోర్ట్ బోవెన్ అను రేవునొద్ద ఫాస్టర్ అను అధికారి సుమారు రెండు కిలోమీటర్ల దూరమున నున్న మనుష్యునితో మాటలాడగలిగెను. ఏ తంతియు, ఏ యంత్రమును లేదు. విలోమమే వారికి తంతి.

మంచులో వ్రాసియున్న చరిత్ర

అంటార్కిటికా మంచు పొరలు పొరలుగా పేరుకొన్నది. డోమ్ సి అను చోట త్రవ్వి తీసిన మంచు స్తంభము 8,00,000 సంవత్సరముల చరిత్రను తెలుపుచున్నది. మంచులోని ఆమ్లజని పరమాణువులలో కొన్ని తేలికవి, కొన్ని బరువైనవి. ఈ రెంటి పాళ్లను కొలిచి ఆ మంచు పుట్టిననాటి ఉష్ణోగ్రతను అంచనా కట్టుదురు.

ఇచ్చట జాగ్రత్త వహింపవలెను. మంచు రేణువులు నేలపై పుట్టవు. అవి పైనున్న వెచ్చని పొరలో పుట్టి క్రింద పడును. కావున ఆ పాళ్లు తెలుపునది ముఖ్యముగా పైపొర ఉష్ణోగ్రతను. నేలమీది ఉష్ణోగ్రతను కాదు. విలోమపు భేద మెంతయో ఎఱుగనివాడు ఈ గ్రంథమును చదివినను తప్పు అర్థము చేసికొనును. కొలత యెంత సూక్ష్మమైనను, అది ఏ ఎత్తున, ఏ కాలమున తీయబడినదో తెలియనిచో దానినుండి నిజము రాబట్టలేము.

దీనితో మనకేమి పని?

దక్కను పల్లెలలోను, తమిళదేశపు పట్టణములలోను, గోదావరి ముఖద్వారమునను నివసించు మనకు ధ్రువములందలి గాలి పొరలతో నేమి సంబంధమని కొంద ఱడుగవచ్చును. సంబంధము కలదు.

బొగ్గు, నూనె కాల్చుటవలన గాలిలో కార్బన్ డయాక్సైడు పెరిగి భూమి వేడెక్కుచున్నది. ఉష్ణమండలమున నేల పొందిన అదనపు వేడి, లేచెడి గాలుల ద్వారా ఆకాశపు పై పొరలకు చేరును. అచ్చటనుండి అంతరిక్షమునకు పోవుట సులభము. ధ్రువమున మూత యున్నది. అదనపు వేడి నేలకు దగ్గఱనే నిలిచిపోవును. పై పొరలు అంతగా వేడెక్కవు. అంతరిక్షమునకు పోవు వేడియు తక్కువగును. దీనికి తోడు, తెల్లని మంచు కరగి నల్లని సముద్రము బయటపడినచో ఎండను మ్రింగుట హెచ్చును. ఇట్టి కారణములు కలిసి, 1979 నుండి ఉత్తర ధ్రువ ప్రాంతము భూమి సగటుకంటె దాదాపు నాలుగు రెట్ల వేగముతో వేడెక్కినదని 2022లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. 2012 సెప్టెంబరులో అచ్చటి సముద్రపు మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గిపోయెను.

సముద్రముపై తేలు మంచు కరగినందువలన నీటిమట్టము చెప్పుకొనదగినంత పెరుగదు. కాని గ్రీన్లాండు నేలపై నున్న మంచు కరగి సముద్రమున చేరినచో మట్టము పెరుగును. సముద్రము లన్నియు ఒకటే. యానాము, కాకినాడ, గంజాము తీరములలోని పల్లపు నేలల భవిష్యత్తు ఆ దూరపు మంచుతో ముడిపడియున్నది. కావుననే 2019 అక్టోబరు నుండి సుమారు ఒక సంవత్సరకాలము ‘పోలార్‌స్టెర్న్’ అను జర్మను ఓడ మంచులో చిక్కుకొని, మంచుతోపాటు తేలుచు, అనేక దేశముల శాస్త్రజ్ఞులతో ఆ గాలి పొరలను కొలిచినది. సింప్సన్ ఎగురవేసినట్లే వారును బుడగలను ఎగురవేసిరి. నేడు పట్టుదారము అవసరము లేదు. పరికరము తన సమాచారమును రేడియో ద్వారా తానే పంపును.

విద్యార్థులు చేయదగిన పరిశీలనము

ఈ విషయమును పరీక్షించుటకు ధ్రువమునకు పోనక్కఱలేదు. ఒకే రకపు ఉష్ణమాపకములు రెండు తీసికొనుడు. ముందుగా రెంటిని ఒకే చోట నుంచి, ఒకే అంకెను చూపుచున్నవో లేదో సరిచూచుకొనుడు. పిదప వెదురుగడకు ఒకదానిని నేలకు జానెడు ఎత్తునను, రెండవదానిని సుమారు మూడు మీటర్ల ఎత్తునను కట్టి, డిసెంబరు లేక జనవరి నెలలో ఊరి వెలుపలి పొలమున నాటుడు. పెద్దలను తోడు తీసికొని, ప్రొద్దు గ్రుంకినప్పుడును, రాత్రి తొమ్మిది గంటలకును, సూర్యోదయమునకు ముందును, ఉదయము తొమ్మిది గంటలకును రెండు అంకెలను వ్రాసికొనుడు. ఆకాశము నిర్మలముగా నున్నదా, మబ్బుపట్టినదా, గాలి వీచుచున్నదా యని ప్రక్కన గుర్తించుడు. పది రాత్రుల పట్టిక సిద్ధమైన పిదప క్రింది ప్రశ్నలకు మీ పట్టికనుండియే సమాధానములు వ్రాయుడు.

1. ఏ రాత్రులందు క్రింది ఉష్ణమాపకము పైదానికంటె తక్కువ చూపినది?

2. మబ్బు పట్టిన రాత్రికిని నిర్మలమైన రాత్రికిని భేద మెంత? కారణ మేమి?

3. గాలి వీచిన రాత్రి రెండు అంకెలు దగ్గఱపడినవా? ధ్రువమున తుపాను వీచినపుడు ఉష్ణమాపకము పైకెక్కుటతో దీనిని పోల్చుడు.

4. ఉదయము ఏ వేళకు క్రిందిది పైదానిని మించినది? ఆ వేళ ఊరి పొగ ఏ విధముగా కదలినది?

5. మన యూరి రాత్రి ఆఱు నెలలు సాగినచో మీ పట్టిక ఎట్లుండునో ఊహించి, దక్షిణ ధ్రువపు కొలతలతో సరిపోల్చి వ్రాయుడు.